ఐదు గంటల ముందే తీసిన ఐసు

మా వంశంలో సముద్రం పడనివాణ్ణి నేనొక్కణ్ణే. పడకపోవడమంటే భయం కాదు, వాంతులు. పద్దెనిమిదేళ్ళ వయసులో మా నాన్న నన్ను మూడుసార్లు బోటెక్కించాడు. మూడుసార్లూ యారాడ కొండ దాటకముందే కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చేశాను. మూడోసారి కలాసీలే మా నాన్నతో చెప్పేశారు: "ఈడు సేపలకి మేతెయ్యడానికి తప్ప దేనికీ పనికిరాడు, దింపెయ్ మావా."

అలా దిగి, ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరాను. మొదట డబ్బాలు కడిగేవాణ్ణి. తర్వాత ఆపరేటర్నయ్యాను. ముప్ఫై ఏళ్ళు దాటింది. నేను సముద్రం మీదికి పోకపోయినా, పోయే బోట్ల పొట్టల్లో నా చేతి ఐసు ఉంటుంది. దాంతో తృప్తిపడ్డాను. ఇప్పటికీ తృప్తిగానే ఉన్నాను.

ఐసు పనిలో ఇంకో సుఖం ఉంది. నీళ్ళు గడ్డకట్టడానికి తొందరపడవు. ఇనప డబ్బాలో నీళ్ళు పోసి, ఆ డబ్బాని చల్లటి ఉప్పునీళ్ళ ట్యాంకులో దింపితే, దిమ్మ తయారవడానికి మా దగ్గర ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మధ్యలో మోటార్ల చప్పుడు వింటూ కూర్చోవాలి. ఆ చప్పుడులో తేడా వస్తే లేవాలి, లేకపోతే లేవక్కర్లేదు. తొమ్మిదో తరగతితో ఆగిపోయిన నా చదువు మళ్ళీ మొదలైంది ఆ కుర్చీలోనే.

నడిచి వెళ్ళేంత దూరంలో ప్రభుత్వ గ్రంథాలయం శాఖ ఉంది. మొదట్లో పేపరు కోసం వెళ్ళేవాణ్ణి. పేపర్లో అర్థంకాని మాటలు చాలా ఉండేవి. వాటికోసం నిఘంటువు దగ్గరికీ, అక్కణ్ణుంచి పుస్తకాల బీరువాల దగ్గరికీ చేరాను. చరిత్ర చదివాను, మొక్కల గురించి చదివాను, మన శరీరంలో రక్తం ఎలా తిరుగుతుందో చదివాను. చివరికి డిగ్రీ పిల్లలు చదివే అర్థశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని ఎనిమిదిసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. గడువు తేదీ ముద్రలు వేసే చీటీ మీద సగం ముద్రలు నావే. కాలేజీ గడప తొక్కని నేను గిరాకీ, సరఫరా గీతలు పలక మీద గీసి మా ఆవిడకి వివరించగలను. ఆవిడ వినదు, అది వేరే సంగతి.

ఆ పుస్తకంలో ఒక అధ్యాయం నాకు బాగా నచ్చింది. ప్రభుత్వం ధర నిర్ణయించే సంస్థలు కొన్ని, ఎవరూ నిర్ణయించనివి కొన్ని. కరెంటు రేటు ఇంతకి మించి ఉండకూడదని చెప్పేవాళ్ళున్నారు. బస్సు టిక్కెట్టుకీ ఉన్నారు. ఐసు దిమ్మ ఇంతకే అమ్మాలని చెప్పే చట్టం ఏదీ లేదు. నియంత్రణ లేని సంస్థ తన లాభం చూసుకుని, తన ధర తానే పెట్టుకుంటుందని పుస్తకం చెప్పింది. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రాసినాయన మా ఫ్యాక్టరీకి ఒక్కసారైనా వచ్చి ఉండడు.

మా ఓనరుది సబ్బవరం వైపు రైతు కుటుంబం. చెరకు పండే భూమి అమ్మి ఈ ఫ్యాక్టరీ కొన్నాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, మంచివాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చొక్కా గుండీలు సవరించుకుంటాడు. గట్టిగా మాట్లాడకుండానే ఆయన చేత గుండీలు సవరించుకునేలా చేసే మనిషి ఒకడున్నాడు. అతను మా వార్డు నాయకుడు. ఎప్పుడూ బెదిరించలేదు. వస్తాడు, కుర్చీ లాక్కుంటాడు, టీ తాగుతాడు, వెళ్తాడు. అతను వెళ్ళాక మా ఫ్యాక్టరీలో ఏదో ఒకటి మారుతుంది. ఒకసారి అవసరం లేకపోయినా ఇద్దరు మనుషుల్ని పనిలో పెట్టుకున్నాం. ఇంకోసారి, వేట నిషేధం రెండు నెలలూ ఐసు కొనేవాళ్ళు లేకపోయినా, మనుషుల్ని మాన్పించొద్దన్నాడని మోటార్లు తిప్పుతూనే ఉన్నాం. ఆ ఐసు కరిగి మా వీధి కాలవలో పోయింది. కాగితం లేదు, ఆర్డరు లేదు. నేను చదివిన ఏ అధ్యాయంలోనూ ఇది లేదు.

కొన్నేళ్ళ కిందట, వేట నిషేధం ముగియడానికి పది రోజుల ముందు జరిగింది నేను చెప్పబోయేది. కరెంటు చార్జీలు పెరిగాయి. మా ఫ్యాక్టరీలో ఖర్చంటే కరెంటే. దిమ్మ రేటు కొంచెం పెంచాలని ఓనరు నిర్ణయించుకుని, సున్నం గోడ మీద కొత్త రేటు రాయించడానికి పెయింటరుకి కబురు కూడా పంపాడు. పెయింటరు రాలేదు గానీ నాయకుడు వచ్చాడు. కార్పొరేషన్ ఎన్నికలు వస్తాయని ఊరంతా అనుకుంటున్న రోజులవి.

"ఏటి తమ్ముడూ, రేటు పెంచుతన్నావంట?" అన్నాడు టీ ఊదుకుంటూ.

"కరెంటు బిల్లు అలా ఉంది అన్నా," అన్నాడు ఓనరు.

"నీ ఫ్యాక్టరీ, నీ ఇష్టం. నానెవుణ్ణి? ఎలక్షన్ల ముందు బోటోళ్ళు కష్టపడతారని నా బాధ. జనం మాటే సెప్తన్నాను." గ్లాసు కింద పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "అన్నట్టు, మీ అమ్మోనియా వాసనొస్తందని ఈదిలోవోళ్ళు పిటిషన్ ఇచ్చారు. పైకి పంపలేదులే, నా దగ్గరే ఉంచాను," అన్నాడు.

అతను వెళ్ళాక ఓనరు చొక్కా గుండీలన్నీ ఒకసారి చూసుకున్నాడు. "పాత రేటే," అన్నాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. చదివింది చెప్పుకునే అవకాశం ఎప్పుడో గానీ రాదు. నేను కుర్చీ ముందుకి జరుపుకుని, "బాబూ, పుస్తకంలో ఏటుందంటే, ధరని కట్టేస్తే సరుకు మారిపోద్దంట. రేటు పెంచలేనోడు నాణ్యం తగ్గిత్తాడు. రొట్టె రేటు పెంచొద్దంటే రొట్టె సైజు తగ్గిపోద్ది," అన్నాను. ఇంకా రెండు ఉదాహరణలు కూడా చెప్పాను. గొంతు మేస్టారి గొంతులా ఉందని నాకే అనిపించింది.

ఓనరు గోడ మీది పాత రేటు వైపు చూశాడు. తర్వాత అడిగాడు: "దిమ్మని ఐదు గంటల ముందే తీసేస్తే ఏటవుద్ది?"

ఏమవుతుందో నాకు తెలుసు. డబ్బాలో నీళ్ళు గోడల దగ్గర ముందు గడ్డకడతాయి, నడిమధ్యలో అన్నిటికన్నా ఆఖర్న. ముందే తీస్తే బయటికి దిమ్మ నిండుగానే కనిపిస్తుంది. లోపల మాత్రం కుండలా గుల్ల. వంచితే నడుమనున్న నీళ్ళు కారిపోతాయి. కరెంటు మిగులుతుంది, ఐసు తగ్గుతుంది. పైగా ఎవరికీ తెలియదు. ఎందుకంటే మా దగ్గర దిమ్మలు క్రషర్లో పడి, పొడి అయి, గొట్టంలోంచి నేరుగా బోటులోకి జారతాయి. బోటువాళ్ళు దిమ్మల లెక్కే వింటారు, దిమ్మని చూడరు. ఆ లెక్క అరిచేది నేను. నా లెక్కని ఏ బోటువాడూ ఎప్పుడూ అనుమానించలేదు.

"పుస్తకంలో ఉన్నది జరుగుద్దని సెప్పాను గానీ సెయ్యమని కాదు బాబూ," అన్నాను.

"ఎలక్షన్లయ్యేదాకానేలే. అందరం బతకాల గదా," అన్నాడు. ఆయన గొంతులో దొంగతనం లేదు, అలసట ఉంది. నేను కాదనలేకపోయాను. కాదనడానికి కావలసిన మొహం నాకు లేదు. ఆలోచన నా నోట్లోంచే వచ్చింది మరి.

వారం పైగా అలాగే తీశాం. చల్లగది నిండా గుల్ల దిమ్మలు పేర్చాం.

మేమిద్దరం మర్చిపోయినది ఒకటుంది. మా ఫ్యాక్టరీలో పాతకాలం నుంచీ ఒక ఆనవాయితీ. నిషేధం ముగిసి బోట్లు మొదటి వేటకి వెళ్ళేటప్పుడు, ప్రతి బోటుకీ మొదటి దిమ్మ ఊరికే ఇస్తాం. దాన్ని క్రషర్లో వెయ్యరు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బోటు ముక్కు దగ్గర ఇనప కొక్కెంతో వాళ్ళే పగలగొట్టి లోపల వేసుకుంటారు. ముందురోజు అది గుర్తొచ్చి ఓనరుకి చెప్పాను. ఆయన ఒక్క క్షణం కంగారుపడి, "బోటుకొకటి సొప్పున మంచివి తీసి పక్కనెట్టు. పూజకి అయ్యే ఇద్దాం. మిగతావి ఎలాగూ పొడే గదా," అన్నాడు.

పెట్టాను. నిండా గడ్డకట్టిన దిమ్మలు ఏడు, గోనెసంచులు కప్పి, తలుపు పక్కన.

మర్నాడు పొద్దున్నే మొదట వచ్చిన బోటు మా బావది. మా అక్క భర్త. మా వైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు, కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం బావలమే. ఆయన బోటులో సగం వాటా ఇంకొకతనిది. అంతకుముందు ఏడాది వేటలు సరిగా లేక ఆ వాటాదారు విసిగిపోయి ఉన్నాడు. ఈ మొదటి వేట కూడా పోతే తన వాటా అమ్మేసి భీమిలి వెళ్ళి కిరాణా కొట్టు పెట్టుకుంటానని జెట్టీ మీద అందరి ముందూ చెప్పాడు. సగం అమ్ముడైతే బోటే పోయినట్టు. యాభై దాటిన వయసులో మా బావ మళ్ళీ ఇంకొకరి బోటులో కలాసీగా చేరాలి. అక్క నా దగ్గర ఏడవలేదు గానీ, ఆ నెలంతా మా ఇంటికి వచ్చినప్పుడల్లా టీ వద్దనేది.

"ఒడిశా వైపు పోతన్నాం బావా, తొమ్మిది రోజులు," అన్నాడు మా బావ. "ఐసు గట్టిదియ్యి."

తొమ్మిది రోజులు. నేను చల్లగది తలుపు తీసి నిలబడ్డాను. ఈ ఐసు ఆరో రోజుకి నీళ్ళవుతుంది. మొదటి రోజుల్లో పట్టిన చేప అడుగున ఉంటుంది, ముందు చెడేది అదే. అర్థశాస్త్రం అక్కర్లేని లెక్క ఇది. వెనక్కి తిరిగి చెప్పేద్దామనుకున్నాను. చెప్పాలంటే ఆలోచన ఇచ్చింది నేనేనని కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి లెక్క అరిచిన నోటితో చెప్పలేనిది దిమ్మే చెబుతుందనిపించింది. అప్పుడు గోనెసంచి కింద ఉన్న నిండు దిమ్మని వదిలేసి, పక్క వరసలోంచి ఒక గుల్ల దిమ్మని పటకారుతో లాగి, చెక్కల మీద జార్చాను.

అక్క పసుపు రాసింది. బొట్టు పెట్టింది. హారతిచ్చింది. మా బావ లుంగీ ఎగ్గట్టి, కొక్కెం ఎత్తి కొట్టాడు. గట్టి దిమ్మ అయితే మూడు దెబ్బలు పడుతుంది. ఇది ఒక్క దెబ్బకే పెంకులు పెంకులుగా విడిపోయింది. కుంకుమ నీళ్ళు ఆయన పాదాల మీద కారాయి.



"ఏటి బావా ఇది?" అన్నాడు మా బావ. "ఐసడిగితే బొండాం ఇచ్చినావేటి?"

"బొండాంలోనైతే నీళ్ళయినా తియ్యగుంటాయి," అన్నాడు వెనకనుంచి ఒక కలాసీ.

మా అక్క పళ్ళెం కింద పెట్టేసింది. "ఓరి నీ సదువు తగలెయ్యా! మొదటి దిమ్మే గుల్లైతే ఏటనుకోవాలిరా? నాను ఈ బోటుని కదలనియ్యను. కదిల్తే నా మీద నుంచే కదలాల," అని జెట్టీ మీద కూర్చుండిపోయింది.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడో ఒకటి అలా వస్తాదమ్మా, ఇంకోటిత్తాం," అంటూ నావైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. గోనెసంచి కిందిది తెమ్మని.

"ఒకటి కాదు బాబూ," అన్నాను. "గదిలో ఉన్నవి ఏడు తప్ప అన్నీ ఇంతే." ఒకసారి మొదలయ్యాక మిగతాది కూడా వచ్చేసింది. కరెంటు బిల్లు, నాయకుడి టీ, పిటిషన్, నా పుస్తకం, నా తెలివి. ఏదీ దాచలేదు.

మా బావ కొక్కెం భుజానికి తగిలించుకుని విన్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "రేటు పెంచొద్దని ఎవులడిగారు?"

"బోటోళ్ళే అన్నారని నాయకుడు సెప్పాడు."

"ఏ బోటోళ్ళు? ఒరే, నువ్వడిగినావేట్రా? నువ్వు?" అని చుట్టూ ఉన్న ఒక్కొక్కర్నీ అడిగాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు. వాళ్ళ పేరు మీద వాళ్ళకి తెలియకుండానే ఒక కోరిక పుట్టి, మా ఫ్యాక్టరీ దాకా నడిచొచ్చి, టీ తాగి వెళ్ళిందన్నమాట.

పదిమంది కలిసి హార్బరు గేటు బయట టీ కొట్టుకి వెళ్ళారు. పొద్దున పూట నాయకుడు అక్కడే ఉంటాడు. రబ్బరు బూట్లతోనే నేనూ వెనక వెళ్ళాను.

"మీకోసమే గదా బావా ఆపించాను!" అన్నాడు నాయకుడు, విషయం వినగానే.

"మాకోసమైతే మమ్మల్నడగాల గదా," అన్నాడు మా బావ. గొంతు పెంచలేదు. "రేటు పెరిగితే ఓ రోజు తిట్టుకుంటాం, మర్నాడు మర్సిపోతాం. ఐసు కరిగిపోతే తొమ్మిది రోజుల సేపని నడి సముద్రంలో పారబోసి రావాల. అప్పుడెవుల్ని తిడతాం? రేటు ఆపినోణ్ణే గదా. ఒట్టి సేతుల్తో వచ్చినోడు ఓటెయ్యడానికి ఎంత ఇదిగా వస్తాడో నువ్వే సూసుకో."

నాయకుడు పదిమంది మొహాలూ వరసగా చూశాడు. ఆ పదిమంది వెనక ఎన్ని ఇళ్ళున్నాయో అతనికి నాకన్నా బాగా తెలుసు. టీ సగంలో వదిలేసి లేచాడు. నేరుగా మా ఫ్యాక్టరీకి వచ్చి, జనం అందరూ వినేలా, "ఏటి తమ్ముడూ! గుల్ల ఐసు అమ్మమని నీకెవులు సెప్పారు?" అన్నాడు.

ఓనరు చొక్కా గుండీ పట్టుకున్నాడు.

"రేటు నీ ఇష్టం. నానెప్పుడైనా అడ్డం సెప్పానా? నా వార్డులో మాత్రం ఐసు గట్టిగుండాల. ఆ పిటిషన్ సంగతి నాను సూసుకుంటాను." అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా మా గేటు మీద ఒక ఫ్లెక్సీ వెలిసింది. మత్స్యకారులకు నాణ్యమైన ఐసు సాధించిన నాయకుడని. కింద ఎవరిదో బోటు ఫోటో.

నాకు నవ్వొచ్చింది గానీ కోపం రాలేదు. ఒత్తిడి అంటే పైనుంచి కిందకి వచ్చేదే అనుకునేవాణ్ణి అంతవరకూ. కిందనుంచి పైకి కూడా వెళ్తుంది, కాకపోతే పదిమంది కలిసి నడిచి వెళ్ళాలి. ఇది నేను పుస్తకంలో చదవలేదు, జెట్టీ మీద నేర్చుకున్నాను. అప్పటికీ నా అర్థశాస్త్రం పనికిరాకుండా పోలేదు. చల్లగది నిండా ఉన్న గుల్ల దిమ్మలు ఏం చెయ్యాలో తేల్చింది నేనే. రెండు గుల్లల్ని ఒక దిమ్మ కింద లెక్కకట్టి ఇద్దామన్నాను. మిగతా బోట్లవాళ్ళు ఒప్పుకుని, ఆ రోజే నింపుకుని వెళ్ళిపోయారు. కొత్త రేటు గోడ మీదకి ఎక్కింది. అనుకున్నట్టే ఒక రోజు తిట్టుకున్నారు.

ఓనరు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు టీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, "ఆ పుస్తకం మళ్ళీ తెచ్చేటప్పుడు నాకోపాలి సూపించు. ముందు నాను సదివి, తర్వాత నీ మాట వింటాను," అన్నాడు. అంతే, మళ్ళీ మామూలైపోయాం.

మా అక్క మాత్రం గుల్ల దిమ్మ పొడి తన బోటులో పడనివ్వలేదు. రెండింతలిచ్చినా వద్దంది. కొత్తగా పోసిన నీళ్ళు నిండా గడ్డకట్టి, సరిపడా దిమ్మలు అయ్యేదాకా మా బావ బోటు రెండు రోజులు జెట్టీకి కట్టేసే ఉంది. అవతల బోట్లన్నీ వెళ్ళిపోతుంటే వాటాదారు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. "ఐసు కోసం ఆగిన బోటుని నాను ఇంతవరకూ సూళ్ళేదు," అని నాకు వినపడేలా రెండుసార్లు అన్నాడు. మూడో రోజు పొద్దున కొత్త దిమ్మకి అక్క మళ్ళీ పసుపు రాసింది. మా బావ కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగో దెబ్బకి పగిలింది. నేను లెక్క అరిచాను. ఆ రోజు ప్రతి దిమ్మకీ నా గొంతు మామూలుకన్నా పెద్దగానే ఉండి ఉంటుంది.

తొమ్మిది రోజులు నేను లైబ్రరీకి వెళ్ళలేదు. వెళ్ళినా అక్షరాలు ఎక్కేవి కావు.

పదో రోజు ఉదయం బోటు వచ్చింది. ముందు వెళ్ళిన బోట్లన్నీ ఒకేసారి వచ్చి, రెండు రోజుల కిందటే సరుకు అమ్ముకుని ఉన్నాయి. ఆ పొద్దున జెట్టీ దగ్గర కొనేవాళ్ళు ఎక్కువ, బోట్లు తక్కువ. అది అదృష్టం, నా గొప్పేమీ లేదు. కోనాలు, చందువలు, రొయ్యలు తట్టల్లో పైకి వస్తున్నాయి. మహా గొప్ప వేట కాదు, మంచి వేట. కొనడానికి వచ్చినామె అడుగు తట్టలోంచి ఒక కోనాం తీసి, మొప్ప ఎత్తి చూసి, బొటనవేలితో వీపు నొక్కింది. వేలి గుంట పడలేదు. మాట్లాడకుండా తట్ట తనవైపు లాక్కుంది.

వాటాదారు ఎవరి మాటా నమ్మే మనిషి కాదు. చేపంతా పైకొచ్చాక తనే నిచ్చెన దిగి ఐసు గదిలోకి వెళ్ళాడు. నేను పైనుంచి వంగి చూస్తున్నాను. లోపల మోకాలి ఎత్తున ఐసు ఇంకా మిగిలే ఉంది. దాన్ని కాలితో ఒకసారి తన్ని చూశాడు. వేళ్ళు నొప్పి పుట్టినట్టున్నాయి, "అబ్బా" అన్నాడు. తర్వాత తలెత్తి, నా పక్కనున్న మా బావని అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడెళ్దాం?"